కుట్టుమిషన్ ఎవరి కోసం ఆగింది

నా నవలలో ఎవరికీ పేర్లుండవు. దీని వెనుక లోతైన సిద్ధాంతం ఏదో ఉందని ఒక సభలో ఒక పెద్దాయన చాలాసేపు చెప్పాడు. శాలువా కప్పేదాకా కాదనడం బాగుండదని నేను తల ఊపుతూ కూర్చున్నాను. అసలు సంగతి వేరే. నేను గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి లాంపు రూంలో పనిచేస్తాను. లోపలికి దిగే ప్రతివాడూ నా కిటికీ ముందు ఆగి, టోపీకి తగిలించుకునే లాంపు తీసుకుపోవాలి. షిఫ్టు అయ్యాక తెచ్చి ఇవ్వాలి. లాంపుకు నంబరుంటుంది. మా కిటికీలో మనిషికి కూడా ఆ నంబరే పేరు. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి ఎవరైనా ఇంటికొస్తే లాంపు నంబరు అడిగితే గాని గుర్తుపట్టలేను.

ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. తర్వాత నాయన ఆరోగ్యం చెడి పని మానుకుంటే ఆ ఉద్యోగం నాకొచ్చింది. కాబట్టి నవలలో మనుషులను ఎలా పెంచాలో నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పిందేదైనా ఉంటే ఆ కిటికీయే. లాంపు తీసుకునేటప్పుడు మనిషి ముఖం మీద ఇల్లుంటుంది. పెండ్లాంతో పోట్లాట, బిడ్డ జ్వరం, పొద్దున మాడిన ఉప్మా, అన్నీ కనిపిస్తాయి. తిరిగి ఇచ్చేటప్పుడు ముఖం నిండా బొగ్గే. అప్పుడు అందరూ అన్నదమ్ములే. ఈ రెండు ముఖాల నడుమ ఏం జరిగిందో నేను ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని ఊహించుకుంటూ కూర్చోవడం అలవాటై, అదే రాతలోకి దిగింది. ఒకరి నడక, ఇంకొకరి దగ్గు, అబద్ధమాడే ముందు చెవి గోక్కునే మరొకరి అలవాటు తెచ్చి, పాతబట్టలతో బొంత కుట్టినట్టు ఒక్కో మనిషినీ కుట్టేవాణ్ణి.

ఇంట్లో నిజంగా కుట్టేది నా భార్య. క్వార్టర్ ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. పదో తరగతి పాసైన మనిషి, నాకన్నా చదువుకున్నది. నా దస్తూరి చూసి, "ఇది సదవాలంటే వేరే కండ్లు తెచ్చుకోవాలె, నువ్వే సదివి వినిపియ్యి" అంది. అలా మొదలైంది. సెకండ్ షిఫ్టుకు పోయేముందు అన్నం తిని, ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, రాసిన పేజీలు చదివేవాణ్ణి. ఆమె తలవంచి మిషన్ తొక్కుతూ వినేది. నాకు పాఠకులన్నా, విమర్శకులన్నా, అచ్చువేసేవాళ్ళన్నా అప్పటికి ఆమె ఒక్కతే. ఆమె వింటోంది కాబట్టి నేను రాస్తున్నాను. అంతకుమించి ఆ నవలకు ఇంకో ఆధారం లేదు.

కొన్నాళ్ళకు నాకొక సంగతి తెలిసిపోయింది. ఆమె నోటితో "మంచిగున్నది" అంటే నమ్మడానికి లేదు, ఎందుకంటే ఆ మాట నేను వండిన పప్పును కూడా అంది. నమ్మవలసింది మిషన్‌ను. కథ నడవకపోతే మిషన్ టకటకా నడుస్తుంది. కథ మంచి పట్టులో పడితే ఆమె కాలు దానంతటదే ఆగిపోతుంది. మిషన్‌కు మొహమాటం లేదు.

ఇప్పుడు మా హీరో సంగతి. ఆయన కూడా లాంపు రూంలోనే పనిచేస్తాడు. పొడుగు నాకన్నా జానెడు ఎక్కువ, పొట్ట నాకన్నా జానెడు తక్కువ. జోకులు మాత్రం నావే, కాకపోతే ఆయన వేస్తే జనం నవ్వుతారు. ధర్మం తప్పడు, గొంతు పెంచడు. ఆయన మాట్లాడినన్ని రోజులూ మిషన్ ఎక్స్‌ప్రెస్ రైలులా పోయింది. ఒక ఆదివారం నేను ఆయన గొప్ప ఉపన్యాసం ఒకటి చదివి ముగించేసరికి ఆమె రెండు జాకెట్లు అయిపోగొట్టి మూడోది మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చాడు వాడు.

నిజానికి రావలసిన మనిషి కాదు. హీరో కిటికీ దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి గదా అని ఒక టింబర్‌మన్‌ను పెట్టాను. గనిలో పైకప్పు కింద మొద్దులు నిలబెట్టేవాళ్ళు వీళ్ళు. ముందు కట్టెతో పైకప్పును కొట్టి చెవిపెట్టి వింటారు. గట్టి కప్పయితే ఖంగుమంటుంది, వదులు కప్పయితే డొల్లగా పలుకుతుంది. పాత టింబర్‌మన్‌లకు ఈ అలవాటు ఇంటికి కూడా వస్తుంది. మా వాడు కూడా లాంపు అడిగేముందు కిటికీ పైచెక్కను వేలి ముడులతో రెండుసార్లు కొట్టి, "నీ రూం ఇంకో యాడాది నిలవడ్తది గాని, జల్ది లాంపు ఇయ్యి" అన్నాడు. అంతే. ఒక్క వాక్యం. పోయాడు.

మిషన్ ఆగింది.

"ఎవలాయన?" అంది ఆమె, తలెత్తి.

"ఎవ్వలు గాదు. లాంపు కోసమొచ్చిండు."

"మల్ల వస్తడా?"

"షిఫ్టు అయినంక లాంపు ఇయ్యడానికి రావాలె గదా."

"ఆఁ. అప్పుడేమంటడో సదువు."

ఆయన అప్పుడేమంటాడో నేను రాయలేదు. మరునాటికి రాయవలసి వచ్చింది. ఆ మరునాటికి ఇంకొంచెం. వారం తిరిగేసరికి మా హీరో ఉపన్యాసం మధ్యలో ఆమె, "ఇగ ఈయనది అయితదా, ఆ మొద్దులాయన ఎప్పుడొస్తడు?" అని అడగడం మొదలుపెట్టింది. నా చేత్తో నేను రాసిన మనిషి మీద నాకే కడుపు మండింది. పక్కింటివాడి మీదనో, పై ఆఫీసరు మీదనో అసూయపడితే నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. కాగితం మీది మనిషి మీద అసూయ అంటే దవాఖానలో ఏ వార్డుకు పోవాలో తెలియదు.

వాణ్ణి చెడగొడదామనుకున్నాను. ముందు తాగుడు అంటించాను. జీతం రోజు తాగించి, క్వార్టర్ల వెనుక మురుక్కాలువ పక్కన పడుకోబెట్టాను. మిషన్ ఆగింది. "పాపం, చెప్పులు కాళ్ళకే ఉన్నయా?" అని అడిగింది. తర్వాత పిసినారిని చేశాను. గనిలో అందరూ కలిసి సద్ది తినేచోట వాడు ఖాళీ డబ్బా తెచ్చి, పక్కవాళ్ళ డబ్బాల్లోంచి తలా ఒక ముద్ద పెట్టించుకునేట్టు రాశాను. ఆమె నవ్వి నవ్వి జాకెట్ చంక దగ్గర కుట్టు వంకర చేసింది. అబద్ధాలకోరును చేశాను. వాడి అబద్ధాలను ఆమె పక్కింటి ఆమెకు నిజాలుగా చెప్పింది. వాడికి ఒక్కో దుర్గుణం తగిలించినకొద్దీ వాడు ఇంకొంచెం దగ్గరగా వచ్చి మా ముందు గదిలో కూర్చున్నాడు. అటు మా హీరోకు ఒక్కో సుగుణం చేరుస్తున్నాను. గాయపడినవాణ్ణి మోసుకొచ్చాడు, తన ప్రమోషన్ పక్కవాడికి వదులుకున్నాడు, చివరికి కుక్కపిల్లను కూడా కాపాడాడు.

"ఈయనకు జరమన్న రాదా?" అంది ఆమె, మిషన్ ఆపకుండానే.

ఇది ఇలా ఉండగా ఒక ఆదివారం బెల్లంపల్లి నుంచి ఆమె మేనబావ వచ్చాడు.

ఈయన గురించి కొంచెం చెప్పాలి. నా భార్య పుట్టినప్పుడే ఈయనకు అనుకున్నారు. మేనరికం, రెండిళ్ళూ ఒప్పుకున్నవే. అయితే ఒక ఏడు పోచమ్మ పండుగకు కోసిన మేక తలకాయ ఎవరి వాటాకు రావాలన్న దగ్గర ఆమె నాయనకూ మేనమామకూ మాట పెరిగింది. తలకాయ చల్లారిపోయింది గాని కోపాలు చల్లారలేదు. రెండిళ్ళకూ మాటలు బందయ్యాయి. ఆ సందులో దూరి పెళ్ళిచూపులకు పోయినవాణ్ణి నేను. నా సంసారం మేక తలకాయ మీద నిలబడిందని నేనే అందరికీ చెప్పి నవ్విస్తుంటాను. ముందుగా నేనే నవ్వితే ఇంకొకరు నవ్వే పని ఉండదు. తర్వాత పెద్దలు కలిసిపోయారు, ఆయన కూడా వేరే పెళ్ళి చేసుకున్నాడు, రాకపోకలు మొదలయ్యాయి. వరసకు ఆయన నాకు అన్న అవుతాడు. ఈ వరసలు పెట్టినవాడెవడో గాని వాడి భార్యకు మేనబావ ఉండి ఉండడు.

ఆ రోజు నేను ముందు గదిలో చాయ్ తాగుతున్నాను. లోపలి గదిలో మిషన్ నడుస్తోంది, ఎందుకంటే చుట్టాలొస్తారని పొద్దున్నే దాన్ని లోపలికి జరిపాం. ఆయన చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టే ముందు, మా దర్వాజ పైచెక్కను వేలి ముడులతో రెండుసార్లు కొట్టాడు.

లోపల మిషన్ ఆగింది.

చాయ్ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన రిటైరైన టింబర్‌మన్ అని నాకు తెలియదా? తెలుసు. వచ్చినప్పుడల్లా దర్వాజ కొడతాడని తెలియదా? ఎప్పటినుంచో చూస్తున్నాను. కానీ నా పుస్తకంలోకి వచ్చినప్పుడు ఆ మనిషి నా బుర్రలోంచి ఊడిపడ్డాడనే అనుకున్నాను. పదిమంది నుంచి అతుకులు తెచ్చి కుట్టిన మిగతావాళ్ళంతా బొంతల్లా ఉంటే, వీడొక్కడు మాత్రం ఎలా బతికి నడుస్తున్నాడా అని మురిసిపోయాను కూడా. నిండు మనిషిని నిండుగా ఎత్తుకొచ్చి, ఆ సంగతి నాకే తెలియకుండా దాచుకున్నాను. ఆమెకు మాత్రం మొదటి రోజే, ఆ మొదటి వాక్యానికే తెలిసిపోయింది.

"వచ్చినవా బావ," అంటూ ఆమె బయటికొచ్చింది. ముఖంలో నవ్వుంది. ఆ నవ్వు మామూలు నవ్వే, చుట్టానికి ఇచ్చేదే. అయినా నేను లాంపు కిటికీ దగ్గరిలాగా దానికి బాయిలోకి దిగేముందు ముఖం, ఎక్కిన తర్వాత ముఖం అని రెండు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

ఆ పూట తలకాయ కూర వండింది. ఆయన పళ్ళెంలో చూసి, "గీ తలకాయ అప్పుడే సక్కగ పంచుకుంటే, తమ్మికి ఇయ్యాల ఇంత తిప్పల ఉండకపోవు" అన్నాడు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. పక్కన గోకరకాయ, అంటే గోరుచిక్కుడు, వేపుడు కూడా ఉంటే ఆయన గిన్నెను వేలితో దూరం జరిపి, "మరదలా, ఇది తినుడు కన్న గడ్డి నయం. నీకు ఎరుకే గదా" అన్నాడు. ఎరుకే అన్నట్టు ఆమె గిన్నె తీసి నా ముందు పెట్టింది.

"తమ్మి, నువ్వు రాసే కథల నేనున్ననట గదా," అన్నాడు ఆయన, ఎముక చప్పరిస్తూ.

"లేవు అన్న. అది కల్పితం."

"కల్పితం అంటే?"

"లేనోళ్ళ గురించి రాసుడు."

"మరి నేను ఉన్న గదా. ఏం జేస్తున్న నేను గండ్ల, నీ కథల?"

"తాగుతున్నవ్ బావ," అంది నా భార్య.

"నేను సుక్క ముట్టనైతి గదనే."

"నువ్వు ముట్టలే. ఈయన తాపిచ్చిండు. ఒకళ్ళ సద్ది గూడ గుంజుకొని తింటున్నవ్."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. అదే నాకు ఎక్కువ మంట. "తినిపియ్యి తమ్మి, తినిపియ్యి. ఇంట్ల ఎట్లాగు డాక్టరు తిననిస్తలేడు. మరి గండ్ల నువ్వేం జేస్తున్నవ్?"

"నేను లేను," అన్నాను.

"ఉన్నడు," అంది ఆమె. "లాంపు రూంల ఉంటడు. కోపం రాదు, జరం రాదు, ఎవల మీద కుళ్ళు లేదు, ఆకలి గూడ గాదు."

ఆయన ఎముక పళ్ళెంలో పెట్టాడు. "గట్లయితే ఒకసారి నాడి పట్టి సూడుండ్రి. ఎప్పుడో సచ్చిపోయి ఉంటడు."

ఇద్దరూ నవ్వారు. ఇరవై మందిని నవ్వించే నోరు నాది, ఆ పూట దానికి గోకరకాయ తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఆయన సాయంత్రం రైలుకు పోయాడు. మరునాడు పొద్దున కూర్చుని టింబర్‌మన్‌ను చంపేశాను. కష్టం లేకుండా పోయింది, గని పైకప్పును వాడి మీద పడేసి నాలుగు పేజీల్లో ముగించాను. హీరో వచ్చి శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కన్నీళ్ళ మధ్య కూడా వ్యాకరణం తప్పని మాటలు మాట్లాడాడు. ఆ మధ్యాహ్నమే చదివి వినిపించాను.

మిషన్ ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ఆమె దారం తెంపి, చేతిలోని గుడ్డ మడిచింది.

"కప్పు పడేముందట కొట్టి సూడలేదా ఆయన?"

"తొందరల మర్చిపోయిండు."

"చుట్టాలింటికి పోతే దర్వాజ కొట్టే మనిషి, బాయిల కొట్టుడు మర్చిపోతడా? ఆయన మర్చిపోలే. నువ్వు కొట్టనియ్యలే." మాట మెల్లగానే ఉంది. "రేపటి సంది నాకు సదవకు."

నేను ఏదో జోకు వేశాను, ఏమిటో గుర్తులేదు. ఆమె అప్పటికే ఇంకో గుడ్డ తీసి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి రోజులు ఎంత బాగా నడిచిందో ఆ మిషన్. నేను అన్నం తింటాను, ఆమె కుడుతుంది. పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయి కిటికీ రెక్కలు దడదడమన్నా అది ఆగదు. పుస్తకం తెరిచి ఎదురుగా కూర్చునేవాణ్ణి, ఆమె తలెత్తేది కాదు. రాద్దామంటే ఎవరి కోసమో తెలియదు. ఒక నవల ఆగిపోవడానికి పెద్ద కారణాలు అక్కరలేదు, ఎదురుగా ఉన్న ఒక్క మనిషి వినకపోతే చాలని నాకు అర్థమైంది. ఆమె అలిగింది నా మీదనా, చచ్చినవాడి కోసమా అన్నది మాత్రం అడగలేకపోయాను. అడిగితే చెబుతుందని భయం.

అప్పుడొక సెకండ్ షిఫ్టులో, మా కిటికీ దగ్గర వరుస నడుస్తోంది. మా దగ్గర ఒక పక్క అరలో రిపేరుకు పెట్టిన లాంపులుంటాయి. తీసుకునేటప్పుడు బాగానే వెలుగుతాయి గాని సగం షిఫ్టుకు మసకబారిపోతాయి. దాంతో మనిషి చావడు. కాకపోతే మిగతా సగం షిఫ్టూ పక్కవాడి వెలుగు పట్టుకుని, వాడి వెనకాలే, అడుగడుగుకూ వాణ్ణి బతిమాలుకుంటూ నడవాలి. వరుసలోంచి, వేరే బాయి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన టింబర్‌మన్ ఒకడు ముందుకొచ్చాడు. అలవాటుగా కిటికీ పైచెక్కను వేలి ముడులతో కొట్టాడు.

నా చెయ్యి పక్క అర వైపు పోయింది.

అక్కడే ఆపి దాన్ని వెనక్కు తెచ్చుకున్నాను, అతనికి మంచి లాంపే ఇచ్చాను. పాపం అతనెవరో నాకు తెలియదు, బెల్లంపల్లి ఎప్పుడైనా చూశాడో లేదో కూడా తెలియదు. కానీ ఆ చెయ్యి నాదే. ఆ షిఫ్టంతా దాన్ని చూసుకుంటూ గడిపాను. కుక్కపిల్లలను కాపాడే మా హీరోకు ఇలాంటి చెయ్యి ఒకటుందని నేను ఇన్నాళ్ళూ రాయలేదు. ఉన్నవన్నీ ఇచ్చాను, నా దగ్గర అన్నిటికంటే ఎక్కువున్నదాన్ని మాత్రం వాడికి ఇవ్వకుండా దాచుకున్నాను.

చావు పేజీలు చించేశాను. టింబర్‌మన్ లేచి కూర్చుని, ఎప్పటిలాగే పక్కవాడి డబ్బాలో చెయ్యి పెట్టాడు. తర్వాత హీరో దగ్గరికి పోయాను. ముందు పొడుగు జానెడు తగ్గించాను. పెళ్ళి చేశాను. ఆ టింబర్‌మన్ ఇంటికొచ్చి దర్వాజ కొట్టినప్పుడల్లా హీరో భార్య చేతిలో పని ఆగుతుంది. ఆగిన పనిని హీరో చూస్తాడు. ఎవరికీ చెప్పడు, నవ్వుతాడు, నలుగురినీ నవ్విస్తాడు. ఒక రోజు అదే టింబర్‌మన్ లాంపు కోసం కిటికీ దగ్గరికొచ్చి పైచెక్క కొడతాడు. హీరో చెయ్యి పక్క అరలోకి పోతుంది. మసక లాంపును పట్టుకుంటుంది కూడా.

మధ్యాహ్నం ఎప్పటిచోటే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. "సదవకన్న గదా" అంది. "నీకు గాదు, గోడకు సదువుతున్న" అన్నాను. మిషన్ నడుస్తూనే ఉంది. దర్వాజ కొట్టే చోట కొంచెం నెమ్మదించిందనుకుంటాను, వాడి కోసం అది ఎప్పుడూ ఉన్నదే, పట్టించుకోకుండా చదువుకుంటూ పోయాను. హీరో చెయ్యి అరలోకి పోయింది. లాంపును పట్టుకుంది. ఇక్కడ పేజీ తిప్పాలి. తిప్పుతుంటే కాగితం చప్పుడు వినిపించింది. అంతకు ముందు ఆ చప్పుడు ఎప్పుడూ నాకు వినిపించలేదు, ఎందుకంటే మిషన్ చప్పుడులో కలిసిపోయేది.

తల ఎత్తాను. ఆమె కాలు పెడల్ మీద ఉంది, కదలడం లేదు. చూపు సూది మీద లేదు, నా చేతి మీద ఉంది.

"ఇచ్చిండా?" అంది.

"ఎవలు?"

"లాంపు రూం ఆయన. ఆ లాంపు ఇచ్చిండా, ఇయ్యలేదా?"

మా హీరోకు మిషన్ ఆగడం అదే మొదటిసారి. ఇంకొంచెంసేపు ఆగి ఉండనిద్దామని గ్లాసెడు నీళ్ళు తాగాను. ఆమె నేను తాగేదాకా ఊరుకుని, "నీళ్ళు తర్వాత తాగుదువు, సదువు" అంది. చదివాను. ఇవ్వలేదు. మంచి లాంపే ఇచ్చాడు, ఇచ్చేటప్పుడు చెయ్యి వణికింది, దాన్ని టింబర్‌మన్ చూసి, "చలిజరమా తమ్మి?" అని అడిగి పోయాడు. అక్కడికి అయిపోయింది.

ఆమె నా చేతిని ఒకసారి, ముఖాన్ని ఒకసారి చూసింది. నేను కిటికీ దగ్గర మనుషులను చూసే చూపే అది, ఎక్కడ నేర్చుకుందో తెలియదు. తర్వాత జాకెట్‌ను సూది కిందికి సర్దుకుంటూ అంది.

"మరి మొద్దులాయన ఆ పూట తిన్నడా?"

అన్నీ అయ్యాక కూడా ఆమె అడిగింది వాడి సంగతే.

"తిన్నడు," అన్నాను.

"ఏం కూర?"

అది నేను రాయలేదు. ఆలోచించనూ లేదు.

"గోకరకాయ," అన్నాను.

ఆమె జాకెట్‌ను మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మిషన్ తిరిగి నడవడానికి చాలాసేపు పట్టింది.